పెట్టెకు చెప్పిన మాట

ఆ పొద్దున నల్లమల మీద మబ్బు కమ్ముకొని ఉంది. కురవదు, తొలగదు. మా అన్న తిరుపతయ్యా అట్లాగే ఉన్నాడు. నిద్ర కాదు, మెలకువా కాదు. కామెర్లతో కళ్లు పచ్చబడి వారం దాటింది. మత్తు మాత్రం నిన్న సాయంత్రం మొదలైంది. నేనూ వదిన రంగమ్మా చెరొక పక్క పట్టుకొని, ఆళ్లగడ్డలో బస్సెక్కించి నంద్యాలకు తెచ్చాము.

దారి పొడుగునా అన్న లేని ఎద్దులను అదిలిస్తూనే ఉన్నాడు. "గుంటక ఎత్తరా, రాయి తగుల్తాంది!"

ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగాడు. "మీ అన్న బస్సులోనే సేద్యం చేస్తాండాడే. టిక్కెట్టు ఎద్దులకు గూడా కొట్టించినారా?"

నాకు నవ్వు రాలేదు.

డాక్టర్ దేవరాజు ఆసుపత్రిలో ఆ ఏడే, ఎనభై ఎనిమిదిలో, కంప్యూటర్ పెట్టారు. చల్లటి గది. చెప్పులు బయట విడవాలి. టీవీ లాంటి పెట్టె, దాని ముందు మీటల పలక. రోగం గురించి ఆ పెట్టె వరసగా అడుగుతుంది. నర్సు వెంకటలక్ష్మమ్మ ఆ ప్రశ్నను మనకు తెలుగులో చెప్పి, మన జవాబును మీట నొక్కి దానికి ఇస్తుంది. ఆఖరున ఏ రోగమై ఉండొచ్చో, ఏం చేయాలో అది డాక్టరుకు చూపిస్తుంది. అంతవరకు అర్థమైంది. మనిషి ముఖం చూడకుండా ఎట్లా చెబుతుందో మాత్రం అర్థం కాలేదు.

"జరమొచ్చిందా?"

"వచ్చింది," అంది వదిన.

"వాంతులు?"

"అయినాయి."

"నాటుమందేమన్నా తాపినారా?"

వదిన నా వైపు చూసింది. నేను గచ్చు వైపు చూశాను.

"లేదమ్మా," అంది వదిన.

నిన్న పొద్దున కొలిమిగుండ్ల దారిలో నాటువైద్యుడు శంకరయ్య దగ్గర పసరు తాపించాము. పచ్చ దిగేదాకా ఇంటిల్లిపాదీ ఉప్పూ పులుపూ మానాలన్నాడు. తాపిన సంగతి ఏ మనిషికీ చెప్పకూడదన్నాడు. చెబితే మందు విరుగుతుంది, విరిగితే రోగి దక్కడు. ఆ పసరుతో లేచి తిరుగుతున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. బయటపెట్టి పోగొట్టుకున్నవాళ్ల కథలూ ఉన్నాయి.

డాక్టరు తెర చదివాడు. "కామెర్లు ముదిరి తలకెక్కినాయని చెప్తాంది. కర్నూలుకు తీసుకుపోవాల. దారిలో ఏమైనా కావచ్చు." అన్న కళ్లలో టార్చి వేసి చూసి, ఆగాడు. "కంటిపాపలు ఇంత పెద్దవిగా ఉండాయేందీ? ఇది కామెర్ల గుణం కాదే. నిజంగా ఏం తాపలేదా?"

"లేదు సార్," అంది వదిన.

"నాకు అబద్ధం చెప్తే ముఖం చూసి పట్టుకుంటానేమో. దీనికి చెప్తే, అబద్ధం మీదనే లెక్క కడతాది."

వదినను వరండాలోకి పిలిచాను.

"చెప్తే పోతాడు," అంది.

"చెప్పకపోతే?"

"నాకేం తెలుసు అంకన్నా! నన్నెందుకడుగుతావ్?"

ఏది చేస్తే అన్న బతుకుతాడో నాకు తోచలేదు. గోడకానుకొని నిలబడ్డాను. మనిషికి చెప్పొద్దన్నాడు శంకరయ్య. ఆ గదిలో మనిషి కానిది ఒకటుంది.

లోపలికి పోయాను.

"అమ్మా, ఔననే మీట యాడుండాది?"

"నువ్వు నోటితో చెప్పప్పా, నేను నొక్కుతా," అంది నర్సు.

"నోటితో చెప్పేదానికి లేదమ్మా."

డాక్టరు నన్ను చూశాడు, నర్సును చూశాడు. "మళ్లీ మొదటినుంచి రానీ. నాటుమందు కాడ ఆపి, ఆయప్పకు మీట చూపించు," అని కిటికీ వైపు తిరిగాడు. ఔనంటే ఇది, కాదంటే అది అని చూపించి ఆమె కూడా తిరిగింది.

మీట చిన్నది. నా వేలికి పక్క మీట కూడా తగిలేట్టుంది. జాగ్రత్తగా నొక్కాను. తెర మీద ఉన్నది చెరిగిపోయి, వేరే వరసలు వచ్చాయి.

డాక్టరు వాటిని చదివాడు. "మత్తు వేరే, కామెర్లు వేరే అయ్యుండొచ్చు. ఈడనే పెట్టుకొని చూస్తా," అని నర్సుతో అన్నాడు. అన్నకు సెలైను ఎక్కించారు.

మరునాడు అన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. గేదెకు నీళ్లు పెట్టినారా అని అడిగాడు.

మేము ఇంటికి వచ్చేలోపే ఆ గదిలో బల్ల తిప్పేశారు. తెరా మీటలూ రోగుల వైపుకు వచ్చాయి. ఆ ఒక్క ప్రశ్న రాగానే నర్సు కిటికీ దగ్గరకు పోతుంది. ఒక ముసలమ్మ మీట నొక్కి, పెట్టెకు దండం పెట్టడం చూశాను.

ఊళ్లోకి రాగానే శంకరయ్య ఎదురొచ్చాడు. "సూసినావా నా పసరు!" అన్నాడు. మందు పని చేసి అన్న లేచాడా, నేను చెప్పగా మందు విరిగి లేచాడా, నాకు ఈనాటికీ తెలియదు. పెట్టె మనిషి లెక్కలోకి వస్తుందో రాదో కూడా తెలియదు.

ఆ పూటకు అన్న కళ్లలో పచ్చ ఇంకా కొంచెం ఉంది. వదిన మా అందరికీ ఉప్పులేని సంగటి, చప్పిడి పప్పు పెట్టింది. అన్న ముద్ద పట్టుకొని నా వైపు చూశాడు.

"రేయ్, ఆడ చెప్పినావా?"

"ఏ మనిషికీ చెప్పలేదు."

వదిన నా తట్టలో ఇంకొక ముద్ద వేసింది. అన్న తల వంచుకొని పప్పులో సంగటి అద్దాడు. మేమూ అద్దుకున్నాం.