మోకాటి ఎత్తు మల్లె

నేను ఒక కత్తెరను. గుడ్డలు కత్తిరించేదాన్ని కాదు, కొమ్మలు కత్తిరించేదాన్ని. కడియం దగ్గర ఒక కొలిమిలో, పాత లారీ కమాను పట్టీ ముక్కతో నన్ను చేశారు. ఎర్రగా కాల్చి సుత్తితో బాదుతుంటే లోకం ఇంత కఠినమా అని హడలిపోయాను. కొలిమే నయమని తరవాత తెలిసింది. మనుషుల జాలి ఉంది చూశారూ, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా స్ప్రింగు బిగుసుకుపోతుంది.

నన్ను చేయించుకున్న మనిషి నూకరత్నం. నర్సరీల్లో ఇరవయ్యేళ్ళు పనిచేసి, ఆ మీదట రోజూ బస్సెక్కి రాజమండ్రి వచ్చి ఒకే వీధిలో నాలుగిళ్ళ తోటలు చూసేది. ఆమెకున్న ఆస్తి ఒక్కటే, హస్తవాసి. "నూకరత్నం నాటితే ఎండుపుల్లైనా చిగురిస్తుంది" అనేవారు వీధిలోవాళ్ళు. ఆ మాట మీదే ఆమె బతుకు.

నాలుగిళ్ళలో ఒకటి వైదేహిగారిది. ఆవిడ ప్రభుత్వాఫీసులో ఉద్యోగి, చాలా మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. కూతురు లహరికి పసితనంలో జబ్బు చేస్తే తిరుపతి వెంకన్నకు తలనీలాలు మొక్కారు. మొక్కు తీర్చేలోగా, పెరట్లో పూసిన మల్లెలతోనే పిల్లకు ఒక్కసారి పూలజడ వేయాలని ఆవిడ కోరిక. అందుకని మొక్క ఎంచిపెట్టమని నూకరత్నాన్ని నర్సరీకి తీసుకెళ్ళారు. నూకరత్నం బొడ్లో నేనూ ఉన్నాను. విరగబూసిన మొక్క ఒకటి కనబడగానే వైదేహిగారు చెయ్యి చాచారు.

"అది వద్దండి. అమ్మడానికని ఎరువులేసి పూయించేశారండి. దీని మొదలు చూడండి, ఆరు కొమ్మలున్నాయి. ఇది పట్టుకెళ్దామండి," అంది నూకరత్నం, ఒక్క పువ్వూ లేని మొక్కను పైకెత్తి.

ఆ తోటలో ఏడాది పొడుగునా నాకు పనే. వానలు పడగానే మందారం కొసలు తుంచేవాళ్ళం. నందివర్ధనానికి ఎండుకొమ్మలు తప్ప ముట్టుకునేవాళ్ళం కాదు. పూత అయిపోయిన చామంతిని నేలకు బెత్తెడు ఎత్తున కోసి, మొదట్లో పిలకలు ఉంచేవాళ్ళం. చచ్చిపోయిందనుకుని వేళ్ళతో సహా పీకేసేవాళ్ళను చూస్తే నూకరత్నం నెత్తి కొట్టుకునేది. మల్లె సంగతి వేరు. కార్తీకం దాటాక దానికి నీళ్ళు మానెయ్యాలి. ఆకు పండి రాలాలి. అప్పుడు మోకాటి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, పశువుల గత్తం వేసి నీళ్ళు పెట్టాలి.

"దాని కడుపు మాడాలండి. అప్పుడే మొగ్గ తొడుగుద్ది," అని చెప్పింది నూకరత్నం. వైదేహిగారు "అలాగే" అన్నారు.

అలాగే అన్న మనిషి ఆ సాయంత్రం ఏం చేశారో తెలుసా? నన్ను వసారా కిటికీలో పెట్టి నూకరత్నం బస్సుకు వెళ్ళిందో లేదో, ఆవిడ చెంబుతో పెరట్లోకొచ్చారు. అటూ ఇటూ చూశారు. "పాపం, దాహమేస్తోందా తల్లీ" అంటూ మల్లె మొదట్లో చెంబెడు నీళ్ళు పోశారు. నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాను. మర్నాడూ పోశారు. చలికాలమంతా పోశారు! పొద్దున్నే తడి కనబడకుండా పైన పొడిమట్టి కూడా చల్లేవారు. అంత చదువుకున్న మనిషి, సొంత మొక్కకు దొంగతనంగా నీళ్ళా!

మల్లె నవనవలాడింది. ఆకు మాత్రం పండలేదు. ఆకు పండని మల్లెకు కత్తెర పెట్టకూడదని నూకరత్నం పట్టు. వేసవిలో పూసినవి గుప్పెడు. రెండో ఏడూ అదే వరస. నూకరత్నానికి హస్తవాసి పోయిందని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. అవి ఆమె చెవినా పడ్డాయి. అన్నీ చూసిన నేనేమో మాట రాని ఇనుమును.

మూడో ఏడు డిసెంబరులో వైదేహిగారు పిల్లను అమ్మమ్మగారింట్లో దింపి, ఆఫీసు శిక్షణకని నెలన్నర హైదరాబాదు వెళ్ళారు. చెంబు ఆగింది. మల్లె ఆకు పసుపుపచ్చగా పండి రాలింది. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. జనవరి ఆఖరున నన్ను పదును పెట్టి, పొదను మోకాటి ఎత్తుకు కత్తిరించి, ఆకంతా దూసేసి, గత్తం వేసి నీళ్ళు పెట్టింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వైదేహిగారు ఆటో దిగారు.

"అయ్యో అయ్యో! చంపేశావే నూకరత్నం!"

"చంపలేదండి అమ్మగారూ. రెండు నెలలు ఓపిక పట్టండి..."

"ఇంకెక్కడి ఓపిక? వైశాఖంలో పిల్లకు గుండు చేయిస్తున్నాం! రెండేళ్ళు ఒక్క దండకైనా పూయలేదు, ఇప్పుడు ఏకంగా నరికేశావు. నీ చెయ్యి మంచిది కాదు. ఇంక నా గడప తొక్కకు!"

వీధి వీధంతా గేట్ల దగ్గరికొచ్చి చూసింది. వారం తిరక్కుండా మిగతా మూడిళ్ళవాళ్ళూ ఆమెను మానిపించారు. హతవిధీ, మూడేళ్ళకు సరైన పని జరిగిన రోజే ఆమె పని పోయింది! నేను మాత్రం ఆ కిటికీలోనే ఉండిపోయాను. వైదేహిగారు ఆ మోడుకు మళ్ళీ చెంబెడు నీళ్ళు పోయడం మొదలెట్టారు.

ఏప్రిల్లో ఒక ఉదయం వైదేహిగారు పెట్టిన కేకకు కిటికీ రెక్క అదిరింది. పొదలో ఆకు కనబడడం లేదు, అంతా మొగ్గే. గిన్నె నిండింది, పళ్ళెం నిండింది, చివరికి చేట తెచ్చుకున్నారు. కోస్తూ కోస్తూ ఉన్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. తాను చలికాలంలో నీళ్ళు పోయని ఏడే పూసిందని అప్పటికి తట్టింది.

ఆ సాయంత్రమే పూలజడతో ఉన్న పిల్లను, సంచిలో నన్ను వేసుకుని ఆవిడ కడియం వచ్చారు. నూకరత్నం ఒక నర్సరీలో నల్లకవర్లలో మట్టి నింపుతోంది. లహరి వెనక్కి తిరిగి జడ చూపించింది. నూకరత్నం మొహం వెలిగింది. అప్పుడు వైదేహిగారు చెప్పేశారు.

"రెండేళ్ళూ చలికాలంలో నేనే చాటుగా నీళ్ళు పోశాను నూకరత్నం. జాలేసి."

నూకరత్నం చేతిలో కవరు జారి మట్టి ఒలికిపోయింది.

"మీరాండీ!" అంది. "నా చెయ్యి నిజంగానే చెడిపోయిందనుకున్నానండి. మా కోడలు తులసికోట కట్టించి మొక్క నాటమంటే, నేనొద్దులే అని పక్కింటావిడ చేత నాటించానండి."

ఎన్ని కొమ్మలు తెగ్గోశానో నాకే తెలియదు. ఏ కొమ్మా నన్ను ఇంత బాధపెట్టలేదు.

"తప్పయిపోయింది. రేపట్నుంచి పనిలోకి రా," అన్నారు వైదేహిగారు.

"ఆ మాట నాకు కాదండి చెప్పాల్సింది. నన్ను వీధిలో నిలబెట్టి అన్నారు. వీధిలోనే చెప్పండి. అప్పుడొస్తాను."

మర్నాడు వైదేహిగారు ఎదురింటి గేటు తట్టారు. వెనక నూకరత్నం, ఆమె చేతిలో నేను. నూకరత్నాన్ని మానిపించినవాళ్ళలో ఒకరైన మాణిక్యాంబగారు బయటికొచ్చారు. పక్కిళ్ళవాళ్ళూ తొంగి చూశారు. వైదేహిగారు తల దించుకుని జరిగిందంతా చెప్పారు.

"మల్లెను పూయనివ్వంది నేనండీ. నూకరత్నం కాదు."

మాణిక్యాంబగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. "అయ్యో అయ్యో! మా మల్లెకు నేనూ పోశానమ్మా! ఎండిపోతోంది పాపమని... నాలుగేళ్ళనుంచీ పోస్తూనే ఉన్నాను!"

పక్క గేటు దగ్గర నిలబడ్డావిడ, "ఏంటీ, పోయకూడదా?" అంది నీరసంగా.

నూకరత్నం నన్ను గేటు దిమ్మ మీద పెట్టి, తన రెండు అరచేతులూ ఎండలోకి చాచి, తిప్పి తిప్పి చూసుకుంది.