మొదటి ఇల్లు

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే పెళ్ళిళ్ళ పేరయ్య పని అంటాను. ఒక పక్క లెక్కలూ కంప్యూటర్లూ తెలిసి, సెలవురోజున పైసా పుచ్చుకోకుండా పనిచేస్తామనే డేటా నిపుణులు. ఇంకో పక్క కుప్పలుగా వివరాలున్నా వాటితో ఏం చెయ్యాలో తెలియని సేవాసంస్థలు. ఇద్దరికీ ముడిపెట్టి, కాపురం చెడకుండా చూడటం నా వంతు. వాళ్ళు చెప్పేది వీళ్ళకు అర్థం కాదు, వీళ్ళు అడిగేది వాళ్ళకు నచ్చదు, తిట్లు మాత్రం నాకు.

ఈసారి వచ్చిన సంబంధం నర్సమ్మగారిది. ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాసేపు కబుర్లు చెప్పివచ్చే సంస్థ పెట్టారావిడ. వెళ్ళాల్సిన ఇళ్ళు బోలెడు, వెళ్ళే మనుషులు కొద్దిమంది. ఇన్నాళ్ళూ ఎవరు ఎక్కువసార్లు ఫోన్ చేస్తే వాళ్ళింటికి ముందు వెళ్ళేవారు. నోరు విప్పి అడగనివాళ్ళు అలాగే ఉండిపోయేవారు. ఎవరికి అవసరం ఎక్కువో తేల్చి వరసగా జాబితా ఇచ్చే ప్రోగ్రాం రాయమని మా మరిదికి అప్పజెప్పాను. ఒకే ఇంట్లో ఉంటాం కదా, చెవి మెలిపెట్టడానికి అందుబాటులో ఉంటాడని.

"చూడమ్మా, నాకు మీ కంప్యూటర్ల మీద నమ్మకం లేదు. మావాళ్ళు పోరుపెడితే ఒప్పుకున్నాను. మొదటిరోజే జాబితా తప్పిందా, మళ్ళీ నా పద్ధతి నాదే" అని నర్సమ్మగారు ముందే చెప్పేశారు. ఆ అడగనివాళ్ళ కోసమైనా ఇది నిలబడాలని నాకు పట్టుదల.

మొదటిరోజు పొద్దున మా ఆఫీసులో కూర్చుని నేనూ మరిదీ టీ తాగుతుంటే ఫోను మోగింది.

"ఏమిటమ్మా ఈ జాబితా?" నర్సమ్మగారి గొంతు ఖంగుమంది. "మొదటి ఇంట్లో తొంభై ఏళ్ళావిడ, చెవులు వినపడవు, మంచం దిగలేదు, పలకరించే దిక్కు లేదు అని రాశారా? తలుపు తట్టీ తట్టకముందే నిక్షేపంలాంటి మనిషి వచ్చి తీసింది! ఇద్దరు కొడుకులూ కోడలూ ఇక్కడే ఉంటారట!"

"ఏ ఇల్లండీ?"

ఆవిడ అడ్రస్ చదివారు. అది మా ఇల్లు.

నేను మరిది వైపు చూశాను. వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"పరీక్ష కోసం వదినా. ప్రోగ్రాం పనిచేస్తుందో లేదోనని అన్నీ ఎక్కువలో ఎక్కువ వేసి ఒక ఉత్తుత్తి మనిషిని పెట్టాను. పేరూ అడ్రస్ ఏదో ఒకటి ఉండాలిగా, అమ్మది వేశాను. తీసెయ్యడం మర్చిపోయాను."

"కన్నతల్లే దొరికిందా నీకు!"

పరుగున ఇల్లు చేరాం. నర్సమ్మగారు హాల్లో చేతిసంచీ భుజానికి తగిలించుకుని లేచి నిలబడ్డారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చదువుతున్నారు. మా అత్తయ్య మితభాషి. మేమంతా అలాగే అనుకునేవాళ్ళం.

"ఇక చాలమ్మా, రేపట్నుంచి నా పద్ధతే" అన్నారు నర్సమ్మగారు.

"ఎవర్రా ఇది రాసింది?" అన్నారు అత్తయ్య.

"నేనేనమ్మా."

"తొంభై ఏళ్ళా నాకు? చెవులు వినపడవా? వంటింట్లో నా గురించి మీరు గొణుక్కునేది కూడా వినపడుతుంది." కళ్ళజోడు తీసి నర్సమ్మగారి వైపు తిరిగారు. "వయసు తప్పు, చెవులు తప్పు, మంచం తప్పు. పలకరించే దిక్కు లేదన్నది మాత్రం నిజమేనండీ. పొద్దున ఎవరి లాప్‌టాప్ వాళ్ళది, సాయంత్రం ఎవరి ఫోన్ వాళ్ళది. ఇందాక మీరు ఎలా ఉన్నారని అడిగాక నా నోరు ఆగిందా? జాబితా తప్పు కాదు. మొదటి ఇల్లు ఇదే."

కుళాయిలో నీళ్ళొచ్చాయని చెప్పినంత మామూలుగా చెప్పారు. సిగ్గుతో నా తల వాలిపోయింది. మరిది నేలచూపులు చూస్తున్నాడు.

నర్సమ్మగారు ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకున్నారు. "మరి ఈ రెండో ఇల్లో?"

"ఆయన నిజం మనిషేనండీ, ఒట్టు!" అన్నాడు మరిది. "మీ రికార్డుల్లో పేరుంది గానీ, మీకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. అందుకే ఇన్నాళ్ళూ ఆయన వంతు రాలేదు."

"అడగలేని మనిషయితే ఆలస్యం దేనికి? పదండి, నేనూ వస్తాను" అంటూ అత్తయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

"వదినా, జాబితాలో అమ్మ వరుస తీసెయ్యనా?" అని మరిది నా చెవిలో అన్నాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా."

ఆ రెండో ఇంటి ముసలాయన ఉండేది ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో. తలుపు ఓరగా తీసి, "నాకెవరూ అక్కర్లేదు" అన్నాడు. నర్సమ్మగారు నా వైపు చూశారు.

"మీకు అక్కర్లేకపోతే పోనీండి, నాకు కావాలి" అన్నారు అత్తయ్య. "ఇన్ని మెట్లెక్కి వచ్చాను. కాసేపు కూర్చోనివ్వరా?"

ఆయన అత్తయ్యను ఎగాదిగా చూసి తలుపు బార్లా తీశాడు.

కుర్చీలో కూర్చున్నారో లేదో, అత్తయ్య నా వంట గురించి మొదలుపెట్టారు. ఆయన ముందు తలూపాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత తన భార్య వంట ఇంకా అన్యాయంగా ఉండేదని, ఇప్పుడు ఆ వంటే కావాలనిపిస్తోందని చెప్పాడు. ఇక ఇద్దరూ ఆగలేదు. నా పరువు గంగలో కలుస్తున్నా నాకు పట్టలేనంత ఆనందంగా ఉంది.

నర్సమ్మగారు వాళ్ళను అలాగే వదిలేసి, నన్ను గుమ్మం బయటికి పిలిచి, కాగితం మడత విప్పారు.

"మూడో ఇల్లెక్కడమ్మా?"