రెండోసారి ట్యూనింగ్

రోనా పొయ్యి మీద ఓట్స్ జావ కలుపుతుంటే, చర్చి హాల్లో జరిగిన సభ సంగతి భర్త గిల్బర్ట్ పేపరు వెనకనుంచి చెప్పుకొచ్చాడు. సెల్కిర్క్‌లోని టీవీ టవరు పాత ప్రసారాలు ఆపేస్తుందట. ఇకమీదట డిజిటల్ పెట్టె లేనిదే టీవీలో బొమ్మ రాదట. ముసలివాళ్ళు బెంగపెట్టుకున్నారట.

"మా రోనా వచ్చి చేసిపెడుతుందని చెప్పేశాను. మన ఫోన్ నంబరు నోటీసు బోర్డులో పెట్టించాను."

"నన్నొక మాట అడగాల్సింది."

"నువ్వు కాదంటావా ఏమిటి?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఇన్నేళ్ళ కాపురంలో తను కాదన్నది ఏదైనా ఉందా అని వెతుక్కుంది. దొరకలేదు. జావ అడుగంటింది. మంచిదాన్ననిపించుకోవడం తెల్లబట్ట కట్టుకోవడం లాంటిది, రోజూ ఉతుక్కోవాలి.

నవంబరు మొదట్లో ఆ పని పడింది. వానలో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో టీ తాగాలి, లేకపోతే నొచ్చుకుంటారు. మోకాళ్ళ నొప్పులు వినాలి, పోయిన మొగుళ్ళ ఫొటోలు చూడాలి. బొమ్మ వచ్చాక అందరిదీ ఒకటే మాట: గిల్బర్ట్ ఎంత మంచివాడో, అడగ్గానే నిన్ను పంపాడు. అత్తగారు నెట్టా అయితే వెనకే నిలబడి, మావాడు చేస్తే ఇట్టే అయ్యేది, పాపం వాడికి తీరికేదీ అంది. ఆ తీరిక లేనివాడు మిల్లు మానేసి రెండేళ్ళయింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నవంబరు మొదట్లో పోయింది ఒక్క చానలే. మిగతావన్నీ రెండు వారాలకు పోతాయి, అప్పుడు అన్నిళ్ళలోనూ మళ్ళీ మొదటినుంచి ట్యూన్ చెయ్యాలి. ఒకసారి చేశావుగా, మళ్ళీ ఏమిటని ముసలమ్మలు ఆమెనే నిలదీశారు.

సరిగ్గా ఆ రెండో ట్యూనింగ్ రోజే పక్క ఊరు గాలాషీల్స్ లైబ్రరీలో ఆమెకు ఉద్యోగం ఇంటర్వ్యూ. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పిలుపు.

"ఇంకో రోజుకు మార్పించుకో. లైబ్రరీ ఎక్కడికీ పారిపోదు. అమ్మకు పొద్దుటి వార్తలు లేకపోతే బీపీ పెరుగుతుంది," అన్నాడు గిల్బర్ట్.

వార్తలు చూస్తేనే పెరుగుతుందన్నాడు డాక్టరు. ఆ మాట మింగి, లైబ్రరీకి ఫోన్ చేద్దామనే కూర్చుంది. ఏం చెప్పాలో ముందు లోపల అనుకుని చూసుకుంది: మా వీధిలో టీవీలు రావండీ, అందుకని నేను రాలేను. తన చెవులకే అది ఎలాగో వినిపించింది. నంబరు నొక్కకుండానే రిసీవరు పెట్టేసింది.

ఇంటర్వ్యూ రోజు తెల్లారేసరికి వీధిలో తెరలన్నీ నల్లబడ్డాయి. ఫోన్ మోగింది.

"రోనా, ఫోన్," అన్నాడు గిల్బర్ట్, పక్కనే కూర్చుని.

ఆమె కోటు గుండీలు పెట్టుకుంటోంది. "నీకే అయ్యుంటుంది. సభలో మాట ఇచ్చింది నువ్వు."

"నాకేం తెలుసు ఆ పని?"

"నాకూ తెలీదు గిల్బర్ట్. పెట్టెతో పాటు ఒక కాగితం ఇచ్చారు. చదివాను."

తలుపు దగ్గరగా వేసి గాలాషీల్స్ బస్సు కోసం నడిచింది. సగం దారిలో వాన అందుకుంది. గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి వెళితే మోగుతున్న ఆ ఫోన్ తనే ఎత్తుతుందని ఆమెకు తెలుసు. తడుస్తూనే వెళ్ళింది.