గ్రహణం నాటి ప్రశ్న

ప్రశ్న అడిగిందని గంగజలను బడిలో మోకాళ్ల మీద నిలబెట్టారు. "రాహువు మింగితే సూర్యుడు మళ్ల బయటికెట్లొస్తడు సార్?" అన్నదే తొమ్మిదేళ్ల ఆ పిల్ల చేసిన నేరం. ఆర్మూర్ పసుపు మార్కెట్లో కాంటా వేసే దేవిదాస్‌కు, బిడ్డ మోకాళ్ల మీద గీరుకుపోయిన చర్మం చూసి ఒళ్లు మండింది. మర్నాడే గంగజలనూ, తమ్ముడు భూపతినీ బడి మాన్పించి ఇంట్లో తానే చదువు చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టాలు నవ్వారు. "నవ్వనీయుండ్రి. మనింట్ల ఒక్కటే రూలు. అడిగినదానికి జవాబు చెప్పుడే, నోరు మూయించుడు లేదు" అన్నాడు పిల్లలతో.

ఏడాది తిరిగేసరికి, తొంభై ఐదులో, దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం వచ్చింది. దేవిదాస్‌కు అంతకన్నా పండగేముంది! వారం ముందునుంచే వాడకట్టంతా తిరిగి ఉపన్యాసాలు దంచాడు. కడుపుతో ఉన్నవాళ్లు బయటికి రావద్దనడం ఉత్త భయమని తేల్చేశాడు. పక్కింట్లో బీడీలు చుట్టుకునే రాజవ్వకు ఐదో నెల, మొగుడు దుబాయిలో ఉన్నాడు. ఆ పిల్లనూ వదల్లేదు. "ఏం గాదు చెల్లె, నా మాట మీద రా" అన్నాడు.

ఈ పాఠాలన్నీ అతని భార్య గంగమణి పొయ్యి ముందు కూర్చునే విన్నది. ఆమెకూ ఆరో నెల. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది.

ఆ పొద్దున దేవిదాస్ బస్తాలు కుట్టే దబ్బనం మొనతో అట్టపెట్టెకు సన్నటి చిల్లు పొడిచాడు. ఎండకు వీపు పెట్టి చూస్తే, లోపల తెల్లకాగితం మీద బుల్లి సూర్యుడు, ఒక పక్క కొరికిన రొట్టెలా కనిపించాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. వాడకట్టులో తలుపులన్నీ మూసే ఉన్నాయి, ఒక్క రాజవ్వ మాత్రం కొంగు కడుపు మీదికి లాక్కుంటూ వచ్చింది. పెట్టె అందుకుని చూసి నవ్వింది. దేవిదాస్ పొంగిపోయాడు.

అప్పుడే గంగమణి గడప దాటింది. "జర నాకు సుత చూపియ్యి" అంది.

"లోపలికి పో!"

ఆ కేక తనదేనని దేవిదాస్‌కే ఒక క్షణం తెలియలేదు. భార్య చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, బయటికొచ్చి గొళ్లెం పెట్టాడు. కిటికీకి ఖాళీ బస్తా అడ్డం కట్టి, ఎండ పొడ సోకకుండా అంచులు దోపాడు. తిరిగి చూస్తే రాజవ్వ ఎండలోనే నిలబడి ఉంది. పెట్టె ఆమె చేతిలోంచి జారి కిందపడింది.

"అన్నా... మరి నేను?"

తన ఇంటి కడుపుకు ఒక శాస్త్రం, పక్కింటి కడుపుకు ఇంకో శాస్త్రం. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"బాపూ, అమ్మకు అయ్యేది రాజవ్వత్తమ్మకు గాదా?" అని అడిగింది గంగజల.

"నోర్ముయ్!"

పిల్ల ఏడవలేదు. లంగా కాస్త పైకి జరుపుకుని, బడిలో నేర్చిన పద్ధతిలో, వాకిట్లో కంకర మీద మోకాళ్లు ఆనించి నిలబడింది.

తలుపు వెనక నుంచి గంగమణి గొంతు వినిపించింది. "గొళ్లెం తియ్యి. రాజవ్వ ఒక్కతే ఉన్నది."

తీశాడు. ఆమె అతని వంక చూడనైనా చూడకుండా పోయి రాజవ్వ చెయ్యి పట్టుకుంది. "ఏం గాదు పిల్లా, నేనున్న గద" అంటూ పెట్టె చేతికి తీసుకుంది. ఇద్దరూ దాంట్లోకి వంగారు.

దేవిదాస్ బిడ్డ ముందు కూలబడ్డాడు. "లే బిడ్డా. నాకు భయమైంది. అమ్మకేమన్న అయితదేమోనని భయమైంది. మీ అత్తమ్మ మాట యాదికే రాలే" అన్నాడు.

గంగజల లేవలేదు. తల వంచుకునే అడిగింది.

"ఇంకెంతసేపుండాలె, సార్?"