గుత్తి కొన పండు

రుచుల తాత ఏడో వరసలో పందిరి కింద నిలబడి, గుత్తి కొనన వేలాడే పండు ఒక్కటే తుంచి నోట్లో వేసుకున్నాడు. పై పండ్లు ఎవరినైనా బుట్టలో వేస్తాయి. కొన పండు అన్నిటికన్నా చివర తీపెక్కుతుంది గనుక అబద్ధమాడదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఊఁ అంటేనే ఆ ఊరి ద్రాక్షతోటల్లో కత్తెర ఆడేది.

నమిలాడు. పులుపూ లేదు, తీపీ లేదు. పది రోజుల కిందట వచ్చిన జలుబు పోతూ పోతూ నాలుక మీది రుచంతా ఊడ్చుకుపోయింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు మహానుభావుడు.

వరస చివర కోతవాళ్లు కత్తెరలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్లలో ఆయన భార్యా ఉంది.

"ఏం తాతా, కానిద్దామా?" అన్నాడు మేస్త్రి.

ద్రాక్ష కోశాక పండదు. ఒక్క తప్పు మాటతో ఊరి ఏడాది కష్టం పుల్లబడుతుంది. ఊఁ అందామని నోరు తెరిచాడు గానీ గుండె ఒప్పుకోలేదు.

"నాకేం తెలీట్లేదురా. నోరు చచ్చిపోయింది."

అందరూ కొయ్యబారిపోయారు. భార్య మాత్రం పకపకా నవ్వింది.

"ఎప్పుడు బయటపడతారా అని చూస్తున్నా. మూడు రోజులు కూరలో ఉప్పే వెయ్యలేదు. మూడు రోజులూ అమోఘం అన్నారు!"

తోటంతా గొల్లుమంది. తాత కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఇన్నాళ్లూ దాచిన బరువు దిగిపోయింది.

"అయితే నువ్వు చూడవే," అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నా. నన్నెవరడిగారు?" అంటూ ఆమె కొన పండే తుంచి, కళ్లు మూసుకుని నమిలింది. "ఎగువ వరసలు కొయ్యండి. ఇక్కడ తడెక్కువ, ఇంకో రెండ్రోజులు ఆగాలి."

తాత మడమతో నేల నొక్కి చూశాడు. నిజమే, తడి.

"విన్నావుగా? ఇకనుంచి ఈవిణ్ణే అడుగు," అన్నాడు మేస్త్రితో. "నేను ఇంటికెళ్లి కూర వండుతా. ఉప్పు సంగతి మీ అవ్వే చూసుకుంటుంది."

మళ్లీ నవ్వులు. ఆ సందడిలో ఆయన ఎప్పుడు వెళ్లాడో ఎవరూ గమనించలేదు. ఆమె ఎగువ వరస మొదటికి వచ్చేసరికి, పందిరి గుంజ పక్కన ఆయన సత్తు చెంబు కనిపించింది. వరసకూ వరసకూ మధ్య నోరు పుక్కిలించే చెంబు, ముప్పై ఏళ్లలో ఇంకొకరిని ముట్టుకోనివ్వనిది. అంచుదాకా కొత్త నీళ్లు పోసి ఉన్నాయి.