డ్రమ్ముల కింద క్లారినెట్

పాత రికార్డింగులు మళ్ళీ విడుదల చేసే చెన్నై కంపెనీ ఒకటి మా తాత బ్యాండును వెతుక్కుంటూ పుదుచ్చేరి ఉప్పళంలోని మా ఇంటికి వచ్చింది. తాత పేరు శివలింగం. స్వింగ్ బాయ్స్ అనే బ్యాండుకు నాయకుడు, క్లారినెట్ వాయించేవాడు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక కూడా పుదుచ్చేరి క్లబ్బుల్లో, క్రిస్మస్ డాన్సుల్లో ఆ బ్యాండు మోగేదట. నేను పుట్టకముందే ఆయన పోయాడు.

అరవైల్లో చేసిన రికార్డింగులనూ ఎనభైల్లో చేసినవాటినీ పోల్చి, ఏవి నిలుస్తాయో చెబుతూ కుటుంబం తరఫున ఒక నోట్ కావాలని కంపెనీవాళ్ళు అడిగారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నామీద పడింది. బీకాం చదివినదానికి క్లారినెట్ గురించి ఏం తెలుసని అడిగితే నాయన నవ్వాడు.

"చెవులుండాయి కదా. విని నిజం రాయి, లోకూ. మా నాయనే కదా అని పొగడబాక."

నాయన పేరు గుణశేఖరన్. ప్రభుత్వ బస్సు డ్రైవరు. ఆయన మాట ప్రకారమే రాయాలనుకున్నాను.

పాతవాటిల్లో తాత తొందరపడడు. డ్రమ్ము ముందు నడుస్తుంటే క్లారినెట్ ఒక అడుగు వెనకగా, చేతులు జేబుల్లో పెట్టుకున్న మనిషిలా తీరిగ్గా వస్తుంది. పాట సగం దాకా ఒకే ఊపిరిలో లాగి, ఎక్కడ ఆపాడో తెలియకుండా ట్రంపెట్‌కి అందిస్తాడు. ఎనభైల్లోకి వచ్చేసరికి అన్నీ ముక్కలే. నాలుగు స్వరాలు, ఆగిపోవడం, మళ్ళీ నాలుగు. మధ్యమధ్యలో కీచుమనే ఒక చప్పుడు. వాటన్నిటి మీదా డ్రమ్ములు, నెమ్మది పాటలో కూడా ఆగకుండా.

"మొదటివి సంగీతం, తరువాతివి ఊరేగింపు. రెంటికీ నడుమ ఉన్నది సారాయి" అని రాశాను. తాత తాగి చెడిపోయాడని మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. చదివి వినిపిస్తే నాయన, "సరిగ్గానే రాసినావు" అని లేచి వెళ్ళిపోయాడు.

పంపేముందు చివరివాటిని ఇంకోసారి వినడం న్యాయమనిపించింది. ఆదివారం మధ్యాహ్నం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒక పాటలో ట్రంపెట్ ఒంటరిగా సాగుతుంది. డ్రమ్ముల దెబ్బకూ దెబ్బకూ మధ్య టిక్కుటిక్కుమని ఏదో వినిపించింది. టేపు పాడైందనుకున్నాను. టేపు లోపమైతే అన్ని పాటల్లోనూ ఒకే రకంగా ఉండాలి. ఇది ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి వస్తోంది. క్లారినెట్ మోగుతున్నప్పుడు దాని మీటల చప్పుడు కూడా అచ్చం అలాగే ఉంది. అంటే తాత ఊదడం లేదు, వేళ్ళు మాత్రం మీటల మీద కదులుతున్నాయి. రికార్డింగులను తేదీల వరుసలో విన్నాను. పోనుపోను ఆ చప్పుడు ఎక్కువైంది. దాంతోపాటు డ్రమ్ములూ ఎక్కువయ్యాయి.

ఇయర్‌ఫోన్లు తీశాను. ఎదురుగా నాయన పేపరు చదువుతున్నాడు. ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. ఏడాదిగా చూస్తున్నదే. "లోపల పాట పోతా ఉండాది మా, తాత రక్తం" అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. ఆరోజు మాత్రం నవ్వకుండా వాటినే చూశాను. నాయన పెదాలు కదలడం లేదు. తల ఊగడం లేదు. ఆ వేళ్ళకు ఏ తాళమూ లేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు చెప్పి, పొద్దున్నే ఒర్లియంపేటలో ఉన్న అళగేశన్ తాత ఇంటికి వెళ్ళాను. బ్యాండులో డ్రమ్ములు ఆయనవే. ఆ బృందంలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే.

"దా పాపా, దా. డ్రమ్ములు ఎక్కువైనాయని రాసినావంట కదా? మీ నాయన చెప్పినాడు. కేసు పెడతా చూడు నీమీద!"

నేను నవ్వలేకపోయాను. ఫోన్లో ఆ ముక్క వినిపించాను. మొదటిసారి ఊరికే విన్నాడు. రెండోసారికి ముఖం మారిపోయింది.

"ఆపు" అన్నాడు. "ఇది యాడ దొరికింది నీకు? అంత గట్టిగా కొట్టినా దాగలేదా?"

"తాత వేళ్ళే కదా?"

"వాడి చేతులు వాడి మాట వినేవి కావు పాపా. ఊరికే నిలబడినా ఆడేవి. మైకులో పడతా ఉండాదని రికార్డింగాయన ఒకటే గొణుగుడు. 'అళగేశా, ఆపకుండా కొట్రా' అన్నాడు మీ తాత. కొట్టినా."

"తాగుడు వల్లనా?"

"తాగుడా! కల్లు వాసనొస్తే వాంతి చేసుకునే రకం వాడు. తాగినాడని మమ్మల్నే చెప్పమన్నాడు. వాళ్ళమ్మకీ ఇదే. కడాకి ఆమెను మంచానికి కట్టేసినారు. 'తాగుబోతోడి కొడుక్కైతే పిల్లనిస్తారురా, ఈ నరాల జబ్బున్న ఇంటికి ఎవరిస్తారు' అన్నాడు. మీ అవ్వకు కూడా తెలీదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"గుణా ఇంకా బండి తోలతా ఉండాడా?"

బయటికొచ్చి గోడ నీడలో నిలబడి ఫోన్లో వెతికాను. చేతులూ కాళ్ళూ వాటంతట అవే కదిలే జబ్బు, వంశంలో దిగేది, హంటింగ్టన్ అని పేరు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అక్కడే ఆపేశాను. ఆ సగం నాయన దగ్గర ఆగదు. నా దాకా వస్తుంది.

ఇంటికి చేరేసరికి నాయన ఖాకీ చొక్కా వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం డ్యూటీ. బొత్తాం కాజాలో దూరక రెండుసార్లు జారింది.

"నాయనా, ఇయ్యాల పోవద్దు."

"ఏంది, డిపో మేనేజరువా? సెలవిచ్చేస్తా ఉండావే!"

ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను. విని, "టేపులో ఎలుక దూరిందా?" అన్నాడు. అప్పుడు అంతా చెప్పాను. అమ్మ వంటింట్లోంచి గరిటతో వచ్చింది.

"ఆ ముసలాయనకు బుద్ధి చలించిందే. నువ్వు పోయి వింటివా? మనిషి గుండ్రాయిలా ఉంటే జబ్బంట!"

నాయన ఆమెను ఆపాడు. మంచం మీద కూర్చున్నాడు.

"పోయిన నెల కడలూరు రోడ్డులో కాలు జారింది, వసంతా. బ్రేకు మీదనే పెట్టినా. అదే పక్కకు పోయింది. ముందర ఆటో, నిండా ఇస్కూలు పిల్లకాయలు." తన కాలివైపు చూసుకున్నాడు. "తగల్లేదు. చెప్పు తడిగా ఉండాదనుకున్నా. మంట ఎండలో తడి యాడ్నుంచి వస్తాది?"

అమ్మ చేతిలో గరిట అలాగే ఉంది. ఎవరమూ కదల్లేదు. కదిలింది నాయన చెయ్యి ఒక్కటే. ఆయన దాన్ని తొడ కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు.

తర్వాత డిపోకు తనే ఫోన్ చేశాడు. అవతలివాళ్ళ నవ్వు నాకు కూడా వినిపించింది. "ఏంయా గుణశేఖరా, రాత్రి ఎక్కువైందా?"

అవునంటే ఆ పూటకు సరిపోయేది. నాయన కళ్ళు మూసుకున్నాడు.

"లేదు సార్. ఒళ్ళు బాగలేదు. డాక్టరు చూసేదాకా బండెక్కను."

కదిర్కామం ఆస్పత్రిలో డాక్టరమ్మ నాయనను నాలుక బయటపెట్టి అలాగే ఉంచమంది. ఉంచలేకపోయాడు. నాలుక తనంతట తానే లోపలికి పోయేది. బడిపిల్లాడిలా సిగ్గుపడి నవ్వి మళ్ళీ పెట్టేవాడు, మళ్ళీ పోయేది. మూడోసారికి నవ్వలేదు. రక్తం బయటి ల్యాబుకు పంపాలి, రిపోర్టుకు వారాలు పడుతుంది, అంతవరకూ ఏదీ ఖాయం కాదు అని ఆమె చెప్పింది. ఆపైన నావైపు తిరిగింది.

"ఆయనకు తేలితే, మీకు పరీక్ష చేయించుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం. వద్దనేవాళ్ళు కూడా చాలామంది ఉంటారు."

తల ఊపాను. దేనికి ఊపానో నాకే తెలియదు.

నోట్ మాత్రం ఆ వరండాలోనే మనసులో తిరగరాసుకున్నాను. చివరి రికార్డింగులు మొదటివాటికన్నా తక్కువవే, అది అబద్ధం చేయలేను. అయితే అవి తాగుడుతో తెగిన ముక్కలు కావు. చెయ్యి నిలిచినంతసేపే వాయించి, అది తప్పబోయే ముందే పాటను పక్కవాడికి అప్పగించిన మనిషివి. నాయనకు చెప్పాను.

"బాగుండాది" అన్నాడు. "రిపోర్టు రానీ మా. అప్పుడు పంపు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు స్కూటరు అడ్డం వచ్చినప్పుడల్లా, స్టాపు దగ్గర పడినప్పుడల్లా, ఆయన కుడిపాదం నేలను గట్టిగా తొక్కుతోంది. అన్నేళ్ళు బస్సు నడిపిన కాలు. మొదట అదే అనుకున్నాను.

సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. ముందు ఏమీ లేదు. పాదం ఇంకోసారి తొక్కింది. నాయన దానివైపు చూశాడు, నేను చూడలేదనుకుని బయటికి తిరిగాడు. నా కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చుకుని, అవి కదులుతున్నాయేమోనని చూస్తూ కూర్చున్నాను.