మూడోరోజు పొంగు

ఆమె అన్నిటికన్నా భయపడేది ఒక్కదానికే: అమ్మకి ఏమీ చేతకాదని ఏదో ఒకరోజు కూతురు కూడా అనేస్తుందని. కూతురికింకా ఏడు నెలలే. అయినా భయానికి వయసుతో పనేమిటి? తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత ఆమెకు అబ్బిన విద్య బ్రెడ్ ఒక్కటే. చెంచాడు ఈస్ట్ వేస్తే గంటలో పిండి గిన్నె అంచుకు వచ్చేది; ఆ ఇంట్లో ఆమె మాట వినేది అదొక్కటే.

వీధి చివర కాఫీ దుకాణం నడిపే అక్క, "ఈస్ట్ లేని సోర్‌డో బ్రెడ్ చేసి చూపించు. వచ్చే శుక్రవారం నుంచి రోజూ నీ దగ్గరే తీసుకుంటా" అంది. అందుకు పిండీ నీళ్లూ సీసాలో కలిపి, రోజూ సగం తీసేసి, కొత్త పిండి పెడుతూ, అది దానంతటదే పులిసేదాకా కాచుకోవాలి. మూడోరోజుకే సీసా బుసబుసా పొంగింది. ఈస్ట్ చేతికి అలవాటైంది కదా, పొంగిందంటే తయారైపోయిందనుకుంది. దాంతో కాల్చిన బ్రెడ్‌లో కత్తి దిగలేదు.

"తలుపుకి అడ్డం పెడదాం, గాలికి కొట్టుకోదు" అన్నాడు భర్త.

"చదువంటే లేదు, పోనీ చేతిలో పనైనా ఉండొద్దూ?" అంది అత్తగారు.

మర్నాటినుంచి సీసాలో బుడగన్నది లేదు. పైన బూడిదరంగు నీళ్లు తేలాయి. ఇంట్లోవాళ్లకి మాత్రం ఆట దొరికింది. ఆఫీసునుంచి రాగానే ఆయన, "నీ రెండోపిల్ల తిన్నదా?" అనేవాడు. "దానికి పెట్టాకే మాకు" అని అత్తగారు అందుకునేది. చంటిదానికి పాలు, అత్తగారికి మందులు, ఆయనకి అన్నం డబ్బా, సీసాకి పిండి: అన్నీ గడియారం చూసే పెట్టిందామె.

గురువారం పిల్లని చంకనేసుకుని, సీసా పట్టుకుని దుకాణానికి వెళ్లింది. "చచ్చిపోయిందక్కా. నాకు చేతకాదు."

అక్క మూత తీసి వాసన చూసింది. "చావలేదే పిచ్చిదానా, ఆకలేసింది. మూడోరోజు పొంగు ఉత్తదే, మొదట్లో నేనూ మోసపోయా. ఈ శుక్రవారం కాకపోతే పై శుక్రవారం. రెండుపూటలా పెట్టు. ఆకలిగా ఉన్నదాన్ని పట్టుకుని చేతకాదంటారా ఎవరైనా?" సీసా కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది. "ఇంతకీ నువ్వేం తిన్నావు ఇవాళ?"

పొద్దుటినుంచీ ఎవరెవరికి ఏం పెట్టిందో ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంది. తను తిన్నది మాత్రం గుర్తుకు రాలేదు. నిన్నటిది కూడా.

సాయంత్రం గుమ్మంలోనే భర్త ఎప్పటి ప్రశ్నే వేశాడు. పిల్లని ఆయన చేతుల్లో పెట్టి, పళ్లెం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుందామె. "సీసా తిన్నది. ఇప్పుడు నేను తింటున్నా. అయ్యేదాకా అందరూ కాస్త ఆగండి."

ఇది చదువుతున్నవారు ఒక్క పని చేసిపెట్టండి. పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లండి. అక్కడున్నావిడ తిన్నదో లేదో కనుక్కోండి. "తిన్నా" అంటే వెనక్కి రావద్దు. ఏం తిన్నావని అడగండి.